రెండో అవకాశం ఎవరి షరతుల మీద?

(మహిళా కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)

స్త్రీల చదువు అనగానే మనకి ఆడపిల్లల చదువే గుర్తొస్తుంది. బడి మానేసిన పిల్లలు, బాల్యవివాహాలు, హాస్టళ్ళు, మరుగుదొడ్లు... ఇవన్నీ మాట్లాడాల్సిన విషయాలే, ఇంకా మాట్లాడాల్సినవే. కానీ ఇరవయ్యేళ్ళకి ఆగిపోయిన చదువుని నలభై దాటాక మళ్ళీ అందుకోవాలనుకునే స్త్రీ గురించి మనం అంతగా పట్టించుకోలేదు. ఆమె కాలేజీ గడప తొక్కితే చాలు, మనం సంతోషించి ఒక విజయగాథ రాసుకుంటాం. గడప దాటిన తర్వాత లోపల ఏం జరిగింది, ఎందుకు మధ్యలో వెనక్కి వచ్చింది అన్నది అడగం. వెనక్కి వచ్చిన స్త్రీ కూడా చెప్పదు. సిగ్గుపడుతుంది. ఇవాళ నేను ఆ సిగ్గు గురించి మాట్లాడదలుచుకున్నాను. అది ఆమెది కాదనీ, ఆమె మీద పెట్టబడిందనీ చెప్పడం నా ఉద్దేశం.

దీనికి నేను తీసుకుంటున్న ఉదాహరణ అమెరికాలోనిది. ఇక్కడి సమస్యలు చాలవా, అక్కడిదాకా ఎందుకు అని మీరు అడగొచ్చు. రెండు కారణాలున్నాయి. ఒకటి, ఆ అనుభవం మన తెలుగు స్త్రీది, ఆమె అనుమతితోనే చెబుతున్నాను. రెండోది, 'రెండో అవకాశం' అనే మాటని చాలా పెద్ద ఎత్తున ఆచరణలో పెట్టిన దేశం అది. అంత పెద్ద ఏర్పాటు వున్నచోట కూడా స్త్రీ ఎక్కడ జారిపోతోందో చూస్తే, మనం ఇక్కడ ఏం అడగాలో తెలుస్తుంది.

ముందు ఆ ఏర్పాటు గురించి నాలుగు మాటలు. అమెరికాలో కమ్యూనిటీ కాలేజీ అంటే రెండేళ్ళ ప్రభుత్వ కాలేజీ. 1901లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని జోలియెట్‌లో ఆరుగురు విద్యార్థులతో మొదటిది మొదలైంది. అప్పట్లో వీటిని జూనియర్ కాలేజీలనేవారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, 1947లో, ప్రెసిడెంట్ ట్రూమన్ వేసిన కమిషన్ ప్రతి ప్రాంతంలోనూ ఇటువంటి కాలేజీలు పెట్టాలని సిఫారసు చేసింది. కమ్యూనిటీ కాలేజీ అనే పేరు స్థిరపడింది ఆ తర్వాతనే. ఇవాళ దేశం మొత్తం మీద వెయ్యి దాకా వున్నాయి. ఫీజు విశ్వవిద్యాలయాలకంటే బాగా తక్కువ. హైస్కూలు చదువు వున్న ఎవరైనా, ఏ వయసువారైనా చేరవచ్చు. సాయంత్రం తరగతులుంటాయి. ఇక్కడ రెండేళ్ళు చదివి, ఆ మార్కులతో విశ్వవిద్యాలయంలో మూడో సంవత్సరంలోకి వెళ్ళవచ్చు. లేదా నర్సింగ్ వంటి వృత్తి కోర్సు ఇక్కడే పూర్తి చేయవచ్చు. విద్యార్థుల్లో సగానికి పైగా స్త్రీలు. సగానికి పైగా పార్ట్‌టైం చదువుకునేవాళ్ళు. కాగితం మీద చూస్తే ఇంతకంటే మంచి ఏర్పాటు ఏం కావాలి?

ఇక ఆమె విషయం. కోస్తా జిల్లాలో ఒక పట్నంలో బీజెడ్‌సీ చదివింది. ఫస్ట్ క్లాసు. చదువు అవుతూనే పెళ్ళి, ఇద్దరు పిల్లలు. 2003లో భర్త ఉద్యోగం మీద అమెరికా వెళ్ళారు. అతని వీసా హెచ్-1బి, ఆమెది హెచ్-4. ఈ హెచ్-4ని మన వాళ్ళు వాడుకగా 'డిపెండెంట్ వీసా' అంటారు. ఆ మాటని మనవాళ్ళు ఎంత మామూలుగా వాడతారో గమనించారా? 'ఆవిడ డిపెండెంట్ మీద వచ్చింది' అంటారు. ఆ వీసా మీద చదువుకోవచ్చు, ఉద్యోగం చేయకూడదు. 2015 మే నెలలో వచ్చిన నిబంధన ప్రకారం, భర్తల గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశ దాటినవాళ్ళకి మాత్రం పనిచేసే హక్కు దొరికింది. చదువుకోవచ్చు కదా, మరి అన్నేళ్ళు ఎందుకు చదువుకోలేదు అని అడగడం తేలిక. హెచ్-4 మీద వున్నవాళ్ళకి ఫెడరల్ ప్రభుత్వ ఆర్థిక సహాయం రాదు. ఉద్యోగం చేసే వీల్లేని చదువుకి ఇంట్లో డబ్బు ఎవరు పెడతారు? అలా పన్నెండేళ్ళు గడిచాయి. గ్రీన్‌కార్డు వచ్చింది. 2016లో, 43 ఏళ్ళ వయసులో, నర్సు కావాలని ఆమె దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో చేరింది. రెండున్నరేళ్ళ తర్వాత ఒక్క క్లినికల్ తరగతి కూడా చూడకుండా బయటికొచ్చింది. 'నాకు బుర్ర తక్కువండీ, వయసైపోయింది' అన్నది ఆమె నాతో చెప్పిన మొదటి మాట.

ఆ రెండున్నరేళ్ళలో ఏం జరిగిందో వరసగా చూద్దాం.

మొదట ఆమె డిగ్రీ లెక్క. మన మూడేళ్ళ డిగ్రీని అక్కడ చాలాచోట్ల నాలుగేళ్ళ డిగ్రీతో సమానంగా ఒప్పుకోరు. ఆ లెక్క తేల్చే సంస్థకి డబ్బు కట్టాలి. ఇక్కడి విశ్వవిద్యాలయం నుంచి మార్కుల వివరాలు సీలు వేసిన కవర్లో వెళ్ళాలి. ఆ కవరు కోసం ఆమె తమ్ముడు విశ్వవిద్యాలయం చుట్టూ నాలుగు నెలలు తిరిగాడు. తీరా వెళ్ళాక, సైన్సు సబ్జెక్టులు చదివి ఇన్నేళ్ళు దాటితే చెల్లవన్నారు. నర్సింగ్ కోర్సుల్లో ఇది చాలాచోట్ల వున్న నిబంధనే. కొన్నిచోట్ల ఐదేళ్ళు, కొన్నిచోట్ల ఏడేళ్ళు. ఏ పాఠాలు పాతబడ్డాయి, ఏవి పాతబడలేదు అని చూసే ఓపిక ఎవరికీ లేదు. మూడేళ్ళ చదువు ఒక్క వాక్యంతో కొట్టుకుపోయింది.

తర్వాత ప్రవేశ సమయంలో పెట్టే స్థాయి పరీక్ష. ఇంటర్మీడియట్‌లో బైపీసీ తీసుకున్న మనిషి. లెక్కలు ముట్టుకుని పాతికేళ్ళయింది. ముందస్తు తయారీ లేకుండా ఒక కంప్యూటరు ముందు కూర్చోబెట్టి ఆల్జీబ్రా ఇచ్చారు. కాలేజీ స్థాయికి రెండు మెట్లు కింద వేశారు. దరఖాస్తులో మాతృభాష తెలుగు అని రాసినందుకు ఇంగ్లీషు రెండో భాషగా వున్నవాళ్ళ తరగతిలోకి పంపారు. డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియంలో చదివిన మనిషి ఆమె. ఈ కింది తరగతులకి ఫీజు కట్టాలి, హాజరు కావాలి, పరీక్ష రాయాలి. కానీ డిగ్రీ లెక్కలోకి రావు. మొదటి సంవత్సరం ఇలా పోయింది.

ఇది ఆమె ఒక్కదాని దురదృష్టం కాదు. కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధకులు 2010లో ప్రచురించిన అధ్యయనంలో, ఇలా కింది లెక్కల తరగతులకి పంపబడ్డ విద్యార్థుల్లో ఆ మెట్లన్నీ పూర్తిచేసినవారు సుమారు మూడోవంతేనని తేలింది. చాలామంది పరీక్ష తప్పి పోలేదు. ఒక మెట్టుకీ ఇంకో మెట్టుకీ మధ్య జారిపోయారు. పిల్లకి జ్వరం వచ్చిన సెమిస్టరు, ఉద్యోగం షిఫ్టు మారిన సెమిస్టరు, అత్తగారు వచ్చిన సెమిస్టరు. మెట్లు ఎక్కువైనకొద్దీ జారే చోట్లు ఎక్కువ. ఈ అధ్యయనాల ఫలితంగానే కాలిఫోర్నియా 2017లో చట్టం చేసి, హైస్కూలు మార్కులని లెక్కలోకి తీసుకోవాలనీ, కింది తరగతులకి ఇష్టమొచ్చినట్టు పంపకూడదనీ నిబంధన పెట్టింది.

మూడోది సలహా. ఏ కోర్సు ముందు, ఏది తర్వాత అన్నది చెప్పడానికి కౌన్సిలర్లుంటారు. ఒక్కొక్కరి కింద వందల మంది విద్యార్థులు. ఆమెకి ఆరుసార్లలో ఐదుగురు వేర్వేరు మనుషులు దొరికారు. ఒకరు చెప్పిన కోర్సు అక్కరలేదని ఇంకొకరన్నారు. పాఠం చెప్పేవాళ్ళని అడుగుదామంటే, కమ్యూనిటీ కాలేజీ అధ్యాపకుల్లో సుమారు మూడింట రెండువంతులు పార్ట్‌టైం వాళ్ళు. కోర్సుకింత అని జీతం. కూర్చోడానికి గది వుండదు. తరగతి కాగానే ఇంకో కాలేజీకి కారేసుకుని పరిగెత్తాలి. వాళ్ళలోనూ స్త్రీలే ఎక్కువ. అంటే ఒక అభద్రతలో వున్న స్త్రీ దగ్గరికి మరో అభద్రతలో వున్న స్త్రీ వచ్చి దారి అడుగుతోందన్నమాట. ఆమెకి అనాటమీ చెప్పిన టీచరు చాలా మంచి టీచరు. ఆ తరగతిని తలుచుకున్నప్పుడే ఆమె ముఖంలో వెలుగు చూశాను. మరుసటి సెమిస్టరు ఆ టీచరు లేరు. రెండో అనాటమీ సాయంత్రం తరగతి, చేరినవాళ్ళు తక్కువని రద్దయింది.

చివరిగా నర్సింగ్ సీటు. కాలేజీలో చేరడానికి తలుపు అందరికీ తెరిచే వుంటుంది. కానీ నర్సింగ్‌లోకి ఇంకో తలుపుంది, దానికి తాళం వుంది. సీట్లు తక్కువ, దరఖాస్తులు ఎక్కువ, వెయిటింగ్ లిస్టు. సీటు వచ్చినా ఆసుపత్రిలో క్లినికల్స్ తెల్లవారుజామునే మొదలవుతాయి. ఈ దశలో ఒక కౌన్సిలరు చాలా మర్యాదగా, ప్రేమగా ఆమెతో అన్నారట. 'నర్సింగ్ చాలా ఒత్తిడి, మీ ఇంటి పరిస్థితుల్లో కష్టం. రక్తం తీసే పని నేర్పే చిన్న సర్టిఫికెట్ కోర్సుంది, కొద్ది నెలల్లో అయిపోతుంది, ఆలోచించండి.' ఆమె ఆలోచించింది. ఇంటికొచ్చి పుస్తకాలు అటక మీద పెట్టేసింది.

ఈ చివరి సన్నివేశాన్ని అమెరికన్ సమాజ శాస్త్రవేత్త బర్టన్ క్లార్క్ 1960లోనే వర్ణించారు. కాలిఫోర్నియాలోని శాన్‌హోసే జూనియర్ కాలేజీని అధ్యయనం చేసి ఆయనొక మాట వాడారు. దాన్ని తెలుగులో 'ఆశని చల్లార్చడం' అనొచ్చు. ఆయన వాదన ఇది. ఆ సమాజం అందరికీ 'నువ్వు ఏమైనా కావచ్చు' అని చెబుతుంది. కానీ అందరికీ చోటు లేదు. మొహం మీద తలుపు వేస్తే తిరగబడతారు. అందుకని తలుపు తెరిచి లోపలికి రానిచ్చి, పరీక్షలతో, సలహాలతో, మార్కుల హెచ్చరికలతో మెల్లిమెల్లిగా చిన్న కోరికవైపు నడిపిస్తారు. చివరికి ఆ విద్యార్థి తనంత తనే ఆ నిర్ణయం తీసుకున్నట్టు నమ్ముతుంది. వ్యవస్థ చేసిన పని వ్యక్తి వైఫల్యంగా మారిపోతుంది. 'నాకు బుర్ర తక్కువండీ' అన్న మాట ఎక్కడ తయారైందో ఇప్పుడు మనకి అర్థమవుతుంది.

క్లార్క్ చెప్పనిది ఒకటుంది. స్త్రీవాదులుగా దాన్ని మనం చెప్పాలి. నలభై దాటిన స్త్రీ కాలేజీకి వచ్చేసరికే ఆమె ఆశ సగం చల్లారి వుంటుంది. ఆ పని ఇల్లు ఇరవయ్యేళ్ళుగా చేస్తూనే వుంది. ఈమె భర్త చెడ్డవాడు కాదు. 'నేనెప్పుడైనా వద్దన్నానా?' అంటాడు. నిజమే, వద్దనలేదు. కానీ వంట ఆగలేదు, పిల్లల్ని కోచింగులకి తిప్పడం ఆగలేదు, ఇండియా నుంచి ఆర్నెల్లకని వచ్చిన అత్తమామల మందులూ పథ్యాలూ ఆగలేదు. చదువుకోడానికి అనుమతి దొరికింది, సమయం దొరకలేదు. అనుమతిని ఉదారతగా లెక్కేసుకునే సంసారాలు మనకి కొత్త కాదు. సమయం పంచుకోవడం దగ్గరికి వచ్చేసరికే అసలు పరీక్ష. మగవాడు నలభై అయిదేళ్ళప్పుడు ఏదో కోర్సు చేస్తే ఇల్లంతా గొంతు తగ్గించి మాట్లాడుతుంది. ఆమె చదువుకుంటే పప్పు మాడిందన్న మాట ముందొస్తుంది.

ఇక్కడ మనం ఇంకో జాగ్రత్త తీసుకోవాలి. ఈమెకి ఇల్లుంది, భర్త జీతముంది, కారుంది. అదే తరగతిలో పక్కన కూర్చున్న నల్లజాతి స్త్రీకి అవేవీ లేవు. ఇద్దరు పిల్లల్ని ఒంటరిగా పెంచుకుంటూ ప్రభుత్వ సహాయం మీద బతుకుతోంది. 1996లో ప్రెసిడెంట్ క్లింటన్ సంతకం చేసిన సంక్షేమ చట్టం, సహాయం పొందే తల్లులు పనిచేసి తీరాలంది. వృత్తి విద్యని 'పని' కింద లెక్కించేది మొత్తం మీద పన్నెండు నెలలే. పన్నెండు నెలల్లో కింది లెక్కల తరగతులే పూర్తికావు. ఆమె మూడో సెమిస్టరులో సూపర్‌మార్కెట్ కౌంటరులో చేరిపోయింది. చదువుకుంటే పేదరికం పోతుందని ఒక చేత్తో చెబుతూ, పేద తల్లి చదువుకునే గంటల్ని సోమరితనంగా లెక్కగట్టడం ఇంకో చేత్తో జరుగుతుంది. ఒకే తరగతిలో కూర్చున్న ఇద్దరు స్త్రీలని రెండు వేర్వేరు చేతులు బయటికి తోశాయి. వర్గం, జాతి, పౌరసత్వం వేరు చేసి చూడకపోతే మనకి సగమే కనబడుతుంది.

అయితే ఈ కాలేజీలు మోసమనీ, మూసెయ్యాలనీ నేననడం లేదు. ఆ వాదన అక్కడ కూడా వుంది, దాన్ని ఎక్కువ ఇష్టపడేది డబ్బు మిగుల్చుకోవాలనుకునే ప్రభుత్వాలే. ఎన్ని లోపాలున్నా, హైస్కూలుతో ఆగిపోయిన స్త్రీకి, వలస వచ్చిన స్త్రీకి తెరిచి వున్న తలుపు అదొక్కటే. లోపాలు సరిదిద్దలేనివి కూడా కావు. న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయం 2007లో మొదలుపెట్టిన ఏశాప్ అనే పథకంలో ప్రతి విద్యార్థికీ ఒక స్థిరమైన సలహాదారుని ఇచ్చారు. పుస్తకాల ఖర్చు, బస్సు-మెట్రో పాసు ఇచ్చారు. మిగిలిన ఫీజు మాఫీ చేశారు. చీటీ వేసినట్టుగా సగం మందిని ఈ పథకంలో, సగం మందిని మామూలు పద్ధతిలో వుంచి పోల్చి చూస్తే, మూడేళ్ళలో డిగ్రీ పూర్తిచేసినవారు ఇక్కడ నూటికి 40, అక్కడ 22. 2015లో ఈ ఫలితాలు వెల్లడయ్యాయి. చూడండి, మనుషుల తెలివి మారలేదు, ఏర్పాటు మారింది. బుర్ర తక్కువన్న వాదనకి ఇంతకంటే జవాబేం కావాలి?

కానీ ఈ మంచి పథకానికి కూడా ఒక షరతుంది. ఫుల్‌టైం చదవాలి. ఉద్యోగమూ పిల్లలూ వున్న స్త్రీ ఎంతమంది ఫుల్‌టైం చదవగలరు? పథకాలు రాసేవాళ్ళ ఊహలో విద్యార్థి అంటే ఇప్పటికీ పద్దెనిమిదేళ్ళవాడు, ఎవరో వండిపెడితే తిని తరగతికి వచ్చేవాడు. వయసైన స్త్రీ ఆ ఊహలో అతిథి మాత్రమే.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. వయోజన స్త్రీల చదువు మనకి అమెరికా నేర్పింది కాదు. దుర్గాబాయి మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టి, బడి వయసు దాటిన స్త్రీలని బెనారస్ మెట్రిక్ పరీక్షకి తయారుచేశారు. ఆమె అధ్యక్షురాలిగా వున్న కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు 1958లో వయోజన స్త్రీలకి సంక్షిప్త కోర్సులు మొదలుపెట్టింది. 1982లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం హైదరాబాదులో వచ్చింది, 1991లో దానికి అంబేద్కర్ పేరు పెట్టారు. ఏ సర్టిఫికెట్టూ లేనివాళ్ళు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలు అది కల్పించింది. ఎందరో అంగన్‌వాడీ కార్యకర్తలు, ఇళ్ళలో వున్న స్త్రీలు ఆ దారిలో డిగ్రీలు తెచ్చుకున్నారు. ఇక కమ్యూనిటీ కాలేజీ అనే పేరు కూడా మన దేశంలోకి వచ్చింది. 2009లో ఇగ్నో, 2013లో యూజీసీ ఆ పేరుతో పథకాలు పెట్టాయి. పేరు తెచ్చుకున్నాం. దానితోపాటు వచ్చే ప్రశ్నలు కూడా తెచ్చుకోవాలి కదా.

మన అనుభవంలోనే ఇంకొకటుంది. తొంభైల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యతా కేంద్రాల్లో కూలిపని చేసుకొచ్చిన స్త్రీలు రాత్రిపూట కూర్చుని చదువుకున్నారు. ఆ చదువులోంచి సారా వ్యతిరేక ఉద్యమం వచ్చింది, 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. ఆ చదువు ఎందుకు నిలబడింది? వాళ్ళ వాడలోనే, వాళ్ళకి వీలైన వేళ జరిగింది. పాఠంలో వాళ్ళ బతుకుంది. ఒంటరిగా కాకుండా గుంపుగా నేర్చుకున్నారు. అమెరికా కాలేజీలో మన స్నేహితురాలికి లేనివి సరిగ్గా ఈ మూడే. డబ్బు తక్కువ వున్నచోట వున్నది, డబ్బు ఎక్కువ వున్నచోట లేకపోయింది.

కాబట్టి మనం స్త్రీలని ఏ కోర్సుకి పంపినా, అది ఓపెన్ స్కూలు కావచ్చు, నర్సింగ్ సహాయకుల శిక్షణ కావచ్చు, కంప్యూటరు కోర్సు కావచ్చు, పంపే ముందు కొన్ని ప్రశ్నలు ఆ సంస్థని అడగాలి. తరగతి వేళలు ఎవరి వీలు చూసి పెట్టారు? చివరి బస్సు ఎన్నింటికి? చిన్నపిల్లల్ని ఎక్కడ వుంచాలి? ఆమెకి ఇదివరకే తెలిసినదాన్ని, పదేళ్ళు దాయీగానో అంగన్‌వాడీ కార్యకర్తగానో చేసిన పనిని, చదువు కింద లెక్కిస్తారా? ఆమెకి మొదటి రోజు నుంచి చివరిదాకా జవాబు చెప్పే మనిషి ఒకరుంటారా? ఈ సర్టిఫికెట్టు పై చదువుకి పనికొస్తుందా, లేక ఇదే చివరి మెట్టా? చేరినవాళ్ళెంతమంది అని కాదు, పూర్తిచేసినవాళ్ళెంతమంది? మానేసినవాళ్ళు ఎందుకు మానేశారో ఎవరైనా రాసిపెట్టారా? మన స్వచ్ఛంద సంస్థల నివేదికల్లో కూడా చేరినవారి సంఖ్య మొదటి పేజీలో వుంటుంది, మానేసినవారి సంఖ్య ఎక్కడా వుండదు. ఆ సంఖ్యని మనమే మొదటి పేజీకి తేవాలి.

ఇంట్లో అడగాల్సిన ప్రశ్న కూడా వుంది. 'నువ్వు చదువుకో' అన్నవాళ్ళని, 'ఆ రెండు గంటలు ఇంట్లో ఏ పని మీరు చేస్తారు' అని అడగాలి. సంఘ సమావేశాల్లో ఈ ప్రశ్న భర్తల ముందు పెట్టడానికి మనం మొహమాటపడకూడదు.

మధ్యలో మానేసిన స్త్రీలని ఒకచోట కూర్చోబెట్టడం మనం చేయగలిగిన మరో పని. విజయగాథలకి వేదికలున్నాయి. వీళ్ళకి లేవు. పదిమంది కూర్చుని చెప్పుకుంటే, ఒక్కొక్కరి 'బుర్ర తక్కువ' కథలోనూ అదే బస్సు, అదే ఫీజు, అదే రద్దయిన తరగతి, అదే మాడిన పప్పు కనబడతాయి. వేర్వేరుగా అవమానంగా వున్నది, కలిపి చూస్తే డిమాండ్ల జాబితా అవుతుంది. స్త్రీల ఉద్యమం ఇంతకాలం చేస్తూ వచ్చిన పని అదే. హింస విషయంలో చేశాం, సారా విషయంలో చేశాం. చదువు విషయంలో కూడా చేయాల్సి వుంది.

రెండో అవకాశం ఇస్తున్నామని చెప్పేవాళ్ళకి మనం చెప్పాల్సిందొక్కటే. మొదటి అవకాశం ఎవరు లాక్కున్నారో ఆ షరతుల మీదనే రెండోది ఇస్తే అది అవకాశం కాదు. వేళ, స్థలం, పాఠం, లెక్కింపు అనే ఈ నాలుగూ ఆమె జీవితాన్ని చూసి నిర్ణయించాలి. అది దయగా కాదు, హక్కుగా అడుగుదాం.